మైకు లేని బస్టాండు

సిద్దిపేట బస్టాండులో ముప్పై ఏళ్లకు పైగా మైకు ముందు కూర్చున్నవాణ్ణి నేను. ఉద్యోగం పేరు కంట్రోలర్. వచ్చిన బస్సును పుస్తకంలో రాసుకోవాలి, పోయే బస్సును మైకులో పిలవాలి, కిటికీ దగ్గరికి వచ్చి మెదక్ బస్సు ఎప్పుడొస్తదని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. ఈ మూడో పని నాకు ఎన్నడూ సరిగ్గా చేతకాలేదు. గొంతు చించుకుని మూడుసార్లు పిలిచిన తర్వాత కూడా వచ్చి అడిగితే ఒళ్లు మండేది. "చెవులెక్కడ పెట్టిన్రు?" అని కసిరేవాణ్ణి. పాపం, చాలామంది పోయి మళ్లీ బెంచీ మీద కూర్చునేవాళ్లు.

నాకు రెండు విషయాల్లో మహా గర్వం ఉండేది. ఒకటి, నా డ్యూటీలో బస్సు ప్లాట్‌ఫారం మారేది కాదు. కరీంనగర్ బస్సు నిలబడే జాగలో కరీంనగర్ బస్సే నిలబడాలి. డ్రైవర్ ఎక్కడో పెట్టి చాయ్ తాగడానికి పోతే, పోయి పిలుచుకొచ్చి బండి తీయించేవాణ్ణి. రెండోది నా పిలుపు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి, ఊరి పేరు ముందు ఒక్క క్షణం ఆగి, ప్లాట్‌ఫారం నంబరు రెండుసార్లు చెప్పేవాణ్ణి. మొత్తం ఇట్లా మూడుసార్లు. చదువు రానివాళ్లు కూడా నా గొంతును నమ్ముకుని ఊళ్లకు చేరారని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. మా ఇంట్లోవాళ్లు ఈ మాట విని విని విసిగిపోయారు.

రిటైరయ్యాక పొద్దున్నే స్కూటర్ మీద చంద్లాపూర్ పోయి రిజర్వాయర్ కట్ట మీద నడవడం అలవాటైంది. నడిచేది తక్కువ, ఆకాశం చూసేది ఎక్కువ. మా పైనుంచి రోజూ విమానాలు పోతాయి. ఏ బస్సు ఏ డిపోదో దూరం నుంచే చెప్పిన మనిషికి, నెత్తి మీద పోయే బండి ఎక్కడిదో తెలియకపోతే ఎట్లా ఉంటుంది? ఫోన్‌లో ఒక యాప్ ఉందని తెలిసింది. అందులో ప్రతి విమానమూ ఒక చిన్న పసుపు బొమ్మలా కదులుతుంది. దాని మీద వేలు పెడితే ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ రకం బండో, ఎన్నేళ్లదో, ఇవ్వాళ ఇంతకుముందు ఏ ట్రిప్పు కొట్టిందో అన్నీ చెబుతుంది. ఆ రోజు ఇంటికి రావడానికి మధ్యాహ్నమైంది.

ఇంకో సంగతి కూడా నా పిచ్చిని పెంచింది. మా చెల్లె భర్త గల్ఫ్‌లో ఒక చిన్న పట్నంలో ఇళ్లకు రంగులు వేసే పనిలో ఉన్నాడు. నాకు వరసకు బావ, వయసుకు చిన్నోడు. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు విమానంలో సీటు వెనక పెట్టే పుస్తకం ఒకటి తెచ్చాడు. దాని నడిమి పేజీలో ఆ కంపెనీ విమానాలు పోయే దారులన్నీ ఎర్ర గీతలతో వేసి ఉన్నాయి. ప్రపంచం నలుమూలలా విడిపోయిన ఆ గీతలన్నీ ఒక్కచోట కలుస్తాయి. చీపురు పుల్లలు ఎక్కడెక్కడ పరుచుకున్నా ముడి ఒక్కచోటే ఉన్నట్టు. ఆ పేజీని చింపి మా గోడకు అతికించాను. మా ఆవిడ క్యాలెండర్ తీసేసి అది పెట్టానని పోట్లాడింది.

ఆ ముడి మీద నా ధ్యాసంతా పడింది. మా బావ పనిచేసే పట్నానికి హైదరాబాద్ నుంచి నేరుగా పోవచ్చు కదా, ఆ కంపెనీ అందరినీ ముందు తన ఊరికే ఎందుకు తీసుకుపోతుంది? కొన్ని రోజులు చూస్తే అర్థమైంది. మా చుట్టుపక్కల పల్లెల నుంచి నిజామాబాద్ పోవాలన్నా, వరంగల్ పోవాలన్నా ముందు సిద్దిపేట వచ్చి బస్సు మారాలి. ప్రతి పల్లె నుంచి ప్రతి పట్నానికీ బస్సు వేస్తే బస్సులో డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. వాళ్లూ అదే పని చేస్తున్నారు. తేడా ఒక్కటే, వాళ్ల పల్లెలు దేశాలు.

రోజుకు కొన్నిసార్లు, చుట్టూ ఉన్న దిక్కులన్నిటి నుంచి పసుపు బొమ్మలు బారులు తీరి ఆ ఒక్క ఊరిలో దిగుతాయి. కాసేపు ఏమీ కదలదు. గంటా రెండు గంటలకు మళ్లీ అన్నీ ఒకేసారి లేచి విడిపోతాయి. నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే, పల్లె బస్సులన్నీ ముందు వచ్చి జనాన్ని దింపాలి, ఆ తర్వాతే హైదరాబాద్ బస్సు కదలాలి అని నేను ఒకప్పుడు పై అధికారికి కాగితం రాసి ఇచ్చాను. ఆయన దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు. నా ఆలోచన ఎడారిలో ఎవరికో వచ్చింది, వాళ్లు చేసి చూపించారు.

బండ్ల సంగతీ రాసుకునేవాణ్ణి. దగ్గరి ఊళ్లకు నడుమ ఒకే దారి ఉండే చిన్న విమానం, దారికి అటు మూడు ఇటు మూడు సీట్లు. సముద్రాలు దాటే ప్రయాణానికి రెండు దారులుండే పెద్దది. పొద్దున హైదరాబాద్ వచ్చిపోయిన బండే మధ్యాహ్నం ఇంకో దేశంలో తేలేది. దానికి నైట్ హాల్ట్ ఎక్కడ? డ్రైవర్ ఎక్కడ మారతాడు? చెడిపోతే స్పేర్ బండి ఎక్కడి నుంచి వస్తుంది? అన్నిటికీ ఒకటే జవాబు, ఆ ముడి దగ్గర. అన్ని బండ్లకూ అదొక్కటే డిపో. ఇంత తెలిసినవాణ్ణి కదా, విమానం ఎన్నిసార్లు ఎక్కారని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాణ్ణి. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

అట్లా ఉండగా బావ పనిలో నిచ్చెన మీది నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అక్కడే దవాఖానాలో ఆపరేషన్ చేశారు. లేచి నాలుగు అడుగులు వేస్తున్నాడు కానీ ఒక్కణ్ణే అయితే విమానం ఎక్కించుకోం అన్నారు, ఇంటి మనిషి తోడుండాలి. కాలు చాపుకోవడానికి వీలుగా సీట్లు ఒక శనివారానికి దొరికాయి. శుక్రవారం మధ్యాహ్నంలోపు ఇంటి మనిషి వచ్చి సంతకం పెడితేనే దవాఖాన వాళ్లు వదులుతారు. ఆ తేదీ తప్పితే సీట్లూ కాగితాలూ అన్నీ మళ్లీ మొదటి నుంచి. భార్యకైతే వీసా తొందరగా వస్తుందన్నారు. వాళ్లకున్నది ఒక్క కూతురు, ఆ పిల్లకు నెలలు నిండాయి. కాబట్టి పోవాల్సింది మా చెల్లె. మగ్గాల పనికి పోయిన భివండీ తప్ప వేరే దూరం చూడని మనిషి.

ఆమె మగ్గం మీద కూర్చుంటే పొద్దు తెలియనిది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడనిది. భయపడింది. నేను భయపడలేదు. నాకన్నీ తెలుసు కదా. "ప్రజ్ఞాపూర్ల దిగి బస్సు మారినట్టే. గంతే" అన్నాను. గోడ మీది ఎర్ర గీతలు చూపించాను. రెండున్నర గంటలు నడుమ టైముంటదని, దిగగానే కౌంటర్‌లో కాగితం చూపిస్తే ప్లాట్‌ఫారం నంబరు రాసిస్తారని, అది ఎవరికైనా చూపించి అక్కడికి పోయి కూర్చోమని, ఎవరేమన్నా లేవొద్దని చెప్పాను. ఒకవేళ ప్లాట్‌ఫారం మారితే మైకులో పిలుస్తారు, మూడుసార్లు పిలుస్తారు, అది నా పూచీ అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. ఆమెను బస్టాండుకు తీసుకుపోయి రిహార్సల్ చేయించాను. బోర్డులకు వీపు చేసి బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకొమ్మన్నాను. కళ్లు తెరిచి ఉంటే మనసు వచ్చేపోయేవాళ్ల మీదికి పోతుంది, పిలుపు చెవికెక్కదు, ఇది నా అనుభవం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందో వినే చెప్పాలి. మొదటి గంట తడబడింది, తర్వాత ఒక్కటీ తప్పలేదు. ఇంటికొచ్చాక ఆమె దిగాల్సిన ఊరి పేరును, విమానం నంబరును నేనే ఇంగ్లీషులో ముక్కుతో మాట్లాడినట్టు పలికి వినిపించాను. అది కూడా పట్టేసింది. చాయ్ హోటల్ వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారని తర్వాత తెలిసింది.

గురువారం పొద్దున హైదరాబాద్‌లో ఎక్కించి ఇంటికొచ్చాను. ఫోన్‌లో పసుపు బొమ్మ సముద్రం దాటి ముడి ఊరిలో టైముకు దిగింది. మిగతా బొమ్మలూ ఒక్కొక్కటే దిగాయి. ఆ తర్వాత రెండో విమానం నంబరు కొట్టి చూస్తూ కూర్చున్నాను. అనుకున్న నిమిషానికి అది కదిలింది, లేచింది. మేనకోడలిని పిలిచి, మీ అమ్మ ఎక్కింది, ఇగ గంటలో నాయిన దగ్గర ఉంటదని చెప్పాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. చూసినవా నా శిక్షణ అని మా ఆవిడతో కూడా అన్నాను.

బొమ్మ సగం దూరం పోయి ఉంటుంది, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మా చెల్లె గొంతు. తెర మీద మా చెల్లె ఎక్కిన విమానం నీళ్ల మీద పోతూనే ఉంది, మా చెల్లె నాతో మాట్లాడుతూ ఉంది. నంబరు తప్పు కొట్టానేమోనని మళ్లీ చూసుకున్నాను.

"అన్నా, నువ్వు చెప్పిన జాగలనే కూసున్న," అంది. "ఇంకా పిలుస్తలేరు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "చెవులెక్కడ పెట్టినవ్?" అన్నాను. ఆమె ఫోన్‌ను పక్కనున్న మనిషికి ఇచ్చింది. తర్వాత ఒక మగ గొంతు వినబడింది. అక్కడ నేల తుడిచే పనిలో ఉన్న మనిషట, జగిత్యాల దిక్కువాడు. అందరూ లేచిపోయిన చోట ఒక్క ఆడమనిషి మన చీరకట్టుతో కళ్లు మూసుకుని కూర్చుంటే, పాణం బాగలేదేమోనని లేపాడట.

"సార్, గీడ మైకు ఉండదు," అన్నాడు. "మన జాగల కూసుంటే ఎవ్వలు పిలువరు. బోర్డు సూసుకునుడే. ఆమె గేటు ఎప్పుడో మారింది."

పిలిచేది ఆ కొత్త గేటు దగ్గర మాత్రమేనట, అదీ అక్కడ నిలబడినవాళ్లకు వినబడేటంత. ఫోన్ పెట్టకుండానే ఆయన ఆమెను కంపెనీ కౌంటర్‌కు తీసుకుపోయి కాగితాలు చూపించాడు. ఆ చిన్న పట్నానికి రోజుకు రెండే విమానాలు. ఇంకొకటి మర్నాడు పొద్దున. దాంట్లో సీటిచ్చారు. ఆమె పొద్దటిదాకా అక్కడే కూర్చోవాలి. బోర్డు చూడకుండా కళ్లెక్కడ పెట్టుకున్నావని కౌంటర్‌లో ఎవరో అన్నారట, ఆ మాట ఆయన తెలుగులో చెబుతుంటే నేను బస్టాండు కిటికీలోంచి అన్నట్టే వినబడింది. పేరు అడుగుదామనుకునేలోపు ఆయన పని ఉందని ఫోన్ పెట్టేశాడు.

మేనకోడలికి చెప్పాల్సి వచ్చింది. అమ్మ ఎక్కిందని చెప్పిన నోటితోనే ఎక్కలేదని చెప్పాను. ఆ పిల్ల, రేపు మధ్యాహ్నంలోపు చేరతదా మామా అని ఒక్కటే అడిగింది. చేరుతుందని ఈసారి పూచీ పడలేదు.

రేపటి పొద్దు కోసం చూస్తూ నేను కూర్చుని వెతికిందంతా ఆ మైకు సంగతే. అంత పెద్ద బస్టాండుకు మైకు లేకపోవడమేమిటి? కోపంతోనే మొదలుపెట్టాను, వాళ్ల తప్పేదో దొరుకుతుందని. దొరకలేదు. గంటలో అన్ని విమానాలు లేచే చోట ఒక్కోదాన్ని మూడేసిసార్లు పిలిస్తే మైకుకు ఊపిరాడదు. అన్ని భాషల మనుషులున్న చోట ఏ భాషలో పిలవాలి? గొంతులు గొంతుల మీద పడి ఎవరికీ ఏదీ వినబడదు. అందుకని చాలా పెద్ద విమానాశ్రయాల్లో పిలవడం మానేశారట. గేట్లు కూడా మారక తప్పదు. ఒక బండి ఆలస్యంగా వచ్చిందంటే దాని జాగలో ఇంకోటి నిలబడాలి, దాని వెనక ఇంకోటి. నేను నా గర్వం కొద్దీ ప్లాట్‌ఫారం మార్చనివ్వని బస్టాండు చిన్నది కాబట్టి అది నడిచింది. ఇదేమీ పెద్ద రహస్యం కాదు, ఫోన్‌లోనే ఉంది. ఏ విమానానికి ఎన్నేళ్లో వెతికినవాణ్ణి, అక్కడ మనిషిని ఎట్లా పిలుస్తారో వెతకలేదు. పిలుస్తారనే అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా మింగుడు పడలేదు. చివరి పల్లె బస్సును నేను ఎన్నోసార్లు పది నిమిషాలు ఆపాను, కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో ఆ ఊరివాళ్లుంటారని. ఆ విమానం మా చెల్లె కోసం ఎందుకు ఆగలేదు? ఆగితే, అది తిరిగి వచ్చేటప్పుడు దాంట్లో ముడి ఊరికి వచ్చి ఇంకోటి ఎక్కాల్సిన వాళ్లకు బండి తప్పుతుంది. వాళ్ల కోసం ఇంకోటి ఆగాలి. ఒక్క చోట ముడి వేసినందుకు అది కట్టాల్సిన కిరాయి. అర్థమైంది కానీ మనసుకు ఎక్కలేదు.

శుక్రవారం పొద్దున విమానంలో ఆమె ఎక్కిందో లేదో పసుపు బొమ్మను చూసి చెప్పలేనని ఇప్పుడు తెలుసు. అందుకే ఆ యాప్ మూసి పెట్టాను. పదకొండున్నరకు బావ ఫోన్ నుంచి ఆమె మాట్లాడింది. సంతకం పెట్టానంది. ఎక్కువ మాట్లాడలేదు. శనివారం బయల్దేరుతున్నామని చెప్పి పెట్టేసింది. నా మీద కోపమొచ్చిందనుకున్నాను, రావాల్సిందే అనుకున్నాను.

తిరుగు ప్రయాణం కూడా ఆ ముడి మీదుగానే. ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో దిగారు. బావ చక్రాల కుర్చీలో చిక్కి సగమై ఉన్నాడు. చెల్లె చేతిలో కాగితాలన్నీ వరసగా ఒక సంచిలో ఉన్నాయి. బావను కారు ముందు సీటులో కాలు చాపి కూర్చోబెట్టి, మేమిద్దరం వెనక కూర్చున్నాం. చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ప్రజ్ఞాపూర్ దాకా దాన్ని దాటేస్తూ దారిలో ఊళ్ల సంగతులే మాట్లాడాను. అక్కడ చాయ్ కోసం ఆపాం. కారు తలుపు తెరిచిపెట్టి బావకు అక్కడికే గ్లాసు అందించాను. అప్పుడన్నాను, తప్పంతా నాదేనని, కళ్లు మూసుకొమ్మన్నది నేనేనని, నీకు చదువు రాదనుకుని బోర్డు సంగతే ఎత్తలేదని.

"అక్షరాలు రావు గని నంబర్లు వస్తయి గదా అన్నా," అంది చెల్లె. "బస్సు నంబరు చూసుకోనే గదా ఎక్కేది. నువ్వు అడుగలే, నేను చెప్పలే."

అది నిజం. పెళ్లి కాకముందు నుంచీ ఆమె బస్సులు ఎక్కుతూనే ఉంది. నంబరు చూసే ఎక్కుతుందని కంట్రోలర్‌నైన నాకు తట్టలేదు. ఆ జగిత్యాల మనిషి ఆ పొద్దంతా తన పని నడుమ వచ్చి, బోర్డు మీద విమానం నంబరు ఏ వరసలో ఉంటుందో, గేటు నంబరు ఏ వరసలో ఉంటుందో చూపించాడట. వంద నంబర్లలో తన నంబరు పట్టడం గంటలో వచ్చేసిందట.

బావ కారులోంచి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే తుంటి నొస్తుందని చెయ్యి పెట్టుకుని మరీ నవ్వుతున్నాడు. వచ్చేటప్పుడు ఏం చేసిందో చెప్పమను బావా అని నాతో అన్నాడు. ఆమె ఊకో అంది. ఆమె చెప్పకపోయేసరికి ఆయనే చెప్పాడు. ఆ ముడి ఊరిలో హైదరాబాద్ విమానం కోసం కూర్చున్నవాళ్లలో చాలామంది మనవాళ్లే. పనుల నుంచి అలిసి వచ్చినవాళ్లు, కుర్చీల్లో సగం మంది నిద్రలో ఉన్నారు. చెల్లె మాత్రం బోర్డు మీది నుంచి చూపు తిప్పలేదు. గేటు నంబరు మారింది. ఆమె లేచి నిలబడి, అంత నిశ్శబ్దమైన చోట, అందరూ తిరిగి చూసేటట్టు గొంతెత్తి పిలిచింది.

"ఏమని పిలిచినవ్?" అని అడిగాను.

చెప్పనని తల ఊపింది. బావ వదల్లేదు. చివరికి చాయ్ గ్లాసులోకి చూస్తూ, ఎన్నడూ గట్టిగా మాట్లాడని మా చెల్లె, నా ముప్పై ఏళ్ల పిలుపును నా వరసలోనే చెప్పింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. హైదరాబాద్ వెళ్లు విమానము పదిహేడవ నంబరు గేటు నుండి బయలుదేరును." ఊరి పేరు ముందు ఒక్క క్షణం ఆగింది కూడా. నిద్రపోతున్నవాళ్లు సంచులు పట్టుకుని లేచారట. ఒకాయన ఇది సిద్దిపేట బస్టాండు గొంతే కదా అన్నాడట.

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తున్నాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పాత బుద్ధి పోక, నంబరు రెండుసార్లు చెప్పినవా అని అడిగాను.

"మూడుసార్లు చెప్పిన అన్నా," అంది. "కండ్లు మూసుకొని కూసున్నోళ్లు కూడ ఉంటరు గదా."

నేను గ్లాసు కింద పెట్టి, కాసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.